సబ్జెక్టు పదాలు పిల్లలకు ఒంటబట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బాష్పీభవనం, జడత్వం, ద్రవ్యోల్బణం, వక్రీభవనం, సార్వభౌమాధికారం. పాఠం అర్థం కాలేదని పిల్లలు అన్నప్పుడు, కాస్త తరచి చూస్తే అసలు చిక్కు ఇలాంటి పదాల దగ్గరే ఉంటుంది. వాటిని పిల్లలు తమ మాటలుగా చేసుకోవాలంటే ఏం చేయాలని టీచర్లూ తల్లిదండ్రులూ తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులివి.

నిర్వచనం పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లలు, ప్రశ్న కొంచెం మార్చి అడిగితే ఎందుకు తెల్లమొహం వేస్తారు?

వాళ్ల దగ్గర ఉన్నది మాటల వరస ఒక్కటే కాబట్టి. "ద్రవం ఆవిరిగా మారే ప్రక్రియను..." అని మొదలుపెడితే చివరిదాకా ఆగకుండా వచ్చేస్తుంది. మధ్యలో ఆపి, "తల స్నానం చేశాక జుట్టు ఆరుతుంది కదా, అదేమిటి?" అంటే ఆ వాక్యంలో దానికి జవాబు దొరకదు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా 1987లో దీని గురించి ఒక మంచి వ్యాసం రాశారు. పిల్లలకు కొత్త పదం ఇచ్చి, నిఘంటువులో అర్థం చూసుకుని సొంత వాక్యం రాయమన్నారు. మనం సహసంబంధం అనే మాటకు అక్కడి నిఘంటువు "ఒకదానితో ఒకటి సంబంధం కలిగి ఉండటం" అన్న అర్థం ఇచ్చింది. దాన్ని చూసి ఒక విద్యార్థి ఏం రాశాడంటే, తనకూ అమ్మానాన్నలకూ సహసంబంధం ఉందని, వాళ్లు లేకపోతే తను ఉండేవాడినే కాదని! ఆ విద్యార్థి ఆలోచనలో లోపమేమీ లేదు. నిర్వచనంలో తెలిసిన మాట ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని తనకు తెలిసిన లోకంలోకి వెళ్లాడు. అందనిదల్లా ఒక్కటే: ఆ పదాన్ని రెండు కొలతల మధ్య వాడతారని, ఒకటి మారుతుంటే రెండోది కూడా దానితో పాటు మారుతోందా అని చూసేటప్పుడు వాడతారని. ఈ సంగతి నిర్వచనంలో ఇమడదు. ఆ పదాన్ని నాలుగు చోట్ల చూసి, నాలుగు చోట్ల వాడి చూస్తేనే తెలుస్తుంది.

అయితే ఒక పదం ఎన్నిసార్లు కనబడితే పిల్లలకు వస్తుంది?

ఇన్నిసార్లు అని లెక్క చెప్పడం కుదరదు. పదాన్ని బట్టి, పిల్లల్ని బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పదం కనబడిన ప్రతిసారీ పిల్లలు దానితో ఏం చేశారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇరవైసార్లు కళ్లముందు నుంచి జారిపోయిన పదం కంటే, ఐదుసార్లు ఆలోచించి వాడిన పదమే గట్టిగా నిలుస్తుంది.

మరుపు ఎలా పనిచేస్తుందో మాత్రం చాలాకాలంగా తెలుసు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తనే బట్టీపట్టి, కొంత విరామం తర్వాత మళ్లీ నేర్చుకుని, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టాడు. 1885లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం దాకా ఉంది, ఒక రోజు గడిచేసరికి 34 శాతానికి దిగింది, నెల తర్వాత కూడా 21 శాతం మిగిలింది. అర్థమున్న పదాలు అంత తొందరగా జారిపోవు. కానీ పోయేదంతా మొదటి రోజునే ఎక్కువగా పోతుందన్న తీరు మాత్రం గమనించాలి. సోమవారం చెప్పిన పదాన్ని మంగళవారం ఒకసారి పలకరించకపోతే, శుక్రవారం దాదాపు కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తుంది.

పునశ్చరణకూ పునశ్చరణకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

ఎంతకాలం గుర్తుండాలన్నదే ఎడాన్ని నిర్ణయిస్తుంది. 2008లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, వారం తర్వాత జరిగే పరీక్షకు ఒక రోజు ఎడంతో మళ్లీ చదివినవాళ్లు బాగా రాశారు. దాదాపు ఏడాది తర్వాత జరిగే పరీక్షకైతే మూడు వారాల ఎడం మేలు చేసింది.

క్లాసులో దీన్ని నేను ఇలా పెట్టుకోమంటాను: పదం చెప్పిన రోజు పీరియడ్ చివర ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల దాటకుండా మరోసారి. ఆ నాలుగోదే అందరూ వదిలేస్తారు. పాఠం అయిపోయింది, యూనిట్ టెస్టు అయిపోయింది, ఇంక దాని జోలికెందుకని. నిజానికి పదం నిలిచేదీ పోయేదీ అక్కడే తేలుతుంది. నెల తర్వాత అడిగితే పిల్లలు తడబడతారు. తడబడనివ్వండి. తడుముకుంటూ గుర్తుచేసుకున్న పదం ఈసారి ఇంకా ఎక్కువకాలం ఉంటుంది.

పదిసార్లు రాయిస్తే రాదా? మా కాలంలో అలాగే నేర్చుకున్నాం.

ఒత్తులు, దీర్ఘాలు తప్పులేకుండా రాయడానికి కొంత పనికొస్తుంది. "బాష్పీభవనం"లో ప ఒత్తు ఎక్కడుందో చేతికి అలవాటవుతుంది. అర్థం విషయంలో మాత్రం అది దండగ శ్రమ. మూడోసారికల్లా పిల్లలు పదాన్ని చూసి రాయడం మానేసి, పైవరస చూసి అక్షరాలు దించేస్తుంటారు. కొందరైతే ముందు "బా" పదిసార్లు, తర్వాత "ష్పీ" పదిసార్లు నిలువుగా రాసుకుంటూ పోతారు. హోంవర్క్ నోటుబుక్కులు దిద్దేవాళ్లందరికీ ఇది తెలుసు.

దాని బదులు పుస్తకం మూసి ఒక్కసారి రాయించండి. చూడకుండా గుర్తుతెచ్చుకోవడంలో ఉన్న బలం, మళ్లీ చదవడంలో లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత పెడితే తలకిందులైంది: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 61 శాతం. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఆ వారం తర్వాత గానీ అసలు సంగతి బయటపడదు. పిల్లలు "రాత్రి చదివితే అంతా వచ్చింది, పొద్దున పోయింది" అని వాపోయేది ఇందుకే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

గట్టిగా పైకి చదివించడం మంచిదేనా?

మంచిదే. మనసులో చదివిన పదాల కంటే పైకి పలికినవి ఎక్కువ గుర్తుంటాయని ప్రయోగాల్లో తేలింది. పైగా పలకడం రాని పదాన్ని ఏ పిల్లవాడూ నలుగురిలో వాడడు. కొత్త పదాన్ని క్లాసంతా రెండు మూడుసార్లు కలిసి పలికితే, బెదురున్న పిల్లలకు కూడా నోరు తిరుగుతుంది. దాంతో పదం వచ్చేసినట్టు కాదు, వాడేందుకు జంకు పోయినట్టు.

నిత్యజీవితంతో ముడిపెట్టమంటారు. పాఠం చెప్పి చివర్లో రెండు ఉదాహరణలు ఇస్తున్నాం కదా, అది చాలదా?

చాలదు. రెండు కారణాలు. మొదటిది, ఉదాహరణ చివర్లో వస్తోంది. రెండోది, ఉదాహరణ టీచర్ ఇస్తున్నారు.

అనుభవం ముందు రావాలి, పదం తర్వాత రావాలి. పిల్లల ముందు ఒక సంగతి జరిగి, దానికో పేరు ఉంటే బాగుండునని వాళ్లకు అనిపించిన క్షణంలో పదం చెబితే అది వెంటనే దిగుతుంది. ఒక క్లాసులో అది ఇలా నడుస్తుంది. టీచర్ తడిగుడ్డతో నల్లబోర్డు మీద ఒక గీత గీసి పక్కకు జరిగారు. గీత అంచుల నుంచి సన్నబడుతూ వస్తోంది.

"నీళ్లెటు పోతున్నాయి?"

"బోర్డు పీల్చేసుకుంటోంది టీచర్."

"సరే. ఇదిగో, కిటికీ అద్దం మీద కూడా గీస్తున్నా. అద్దం పీల్చుకుంటుందా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అద్దం మీది తడి కూడా పోయింది.

"గాల్లో కలిసిపోయింది టీచర్."

"మరి మరగలేదుగా?"

"లేదు. ఊరికే... మామూలుగానే పోయింది."

"అదిగో, మరగకుండా, మామూలు వేడిలోనే, నీళ్లు పైనుంచి కొంచెం కొంచెంగా ఆవిరై గాల్లో కలవడం. దానికి పేరు బాష్పీభవనం."

అద్దం లేకపోతే ఈ పాఠం సగమే. బోర్డు పీల్చుకుందన్న ఊహ పిల్లల మనసులో అలాగే ఉండిపోయి, పైన ఒక కొత్త పేరు అంటుకునేది. ఇక తర్వాతి పని పిల్లలది. "ఇది ఇంకెక్కడ చూశారు?" అని అడిగి ఆగాలి. తీగ మీద ఆరేసిన బట్టలంటారు, తుడిచిన నేలంటారు, చెమటంటారు, చేతికి రాసుకున్న శానిటైజరంటారు. శానిటైజర్ అన్నవాడిని వదలకండి: "చల్లగా ఎందుకు అనిపించింది?" అని అడిగితే, ఆవిరయ్యే ద్రవం చేతిలోంచి వేడిని లాక్కుపోతుందన్న సంగతి వాళ్ల అనుభవంలోంచే బయటికొస్తుంది. ఎవరో ఒకరు "మంచుగడ్డ కరగడం" అంటారు. అది తప్పు జవాబే అయినా ఎంతో పనికొస్తుంది. "కరిగితే ఏమైంది? నీళ్లయింది. ఆవిరైందా?" అని క్లాసునే తేల్చమనాలి. పదం ఎక్కడిదాకా వర్తిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసేది ఇలాంటి తప్పు జవాబుల దగ్గరే.

మర్నాటికి ఒక చిన్న పని ఇవ్వండి: ఇంట్లోనో దారిలోనో ఈ పదం ఎక్కడ కనిపించిందో ఒక వాక్యం రాసుకురమ్మనండి. తడి చొక్కాను మడిచి ఒకటి, పరిచి ఒకటి ఆరేసి, ఏది ముందు ఆరిందో చూసుకొచ్చే పిల్లలు కూడా ఉంటారు. "ఉపరితల వైశాల్యం" అనే తర్వాతి పదానికి ఆ చొక్కానే దారి.

కంటికి కనిపించని విషయాలకు, అంటే ప్రజాస్వామ్యం, ద్రవ్యోల్బణం లాంటివాటికి నిత్యజీవితం ఎక్కడినుంచి తేవాలి?

అనుభవం లేని పదం తక్కువ. ఉన్న అనుభవాన్ని పిల్లలు ఆ పదంతో కలుపుకోకపోవడమే ఎక్కువ. క్లాసు లీడర్‌ను చేతులెత్తి ఎన్నుకున్నారా, టీచరే నియమించారా? ఓడినవాళ్లకు ఓటేసిన పిల్లల మాట తర్వాత ఎవరైనా విన్నారా? ప్రజాస్వామ్యం, మెజారిటీ, ప్రాతినిధ్యం అన్న మూడు పదాలూ ఆ గదిలోనే ఉన్నాయి. ద్రవ్యోల్బణానికైతే, అదే నోటుకు పోయినేడు వచ్చినన్ని వస్తువులు ఈ ఏడు రావడం లేదని ఇంట్లో పెద్దవాళ్లు అనుకునే మాట చాలు. ఒక్క జాగ్రత్త: ఏదో ఒక్క వస్తువు ధర పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదు, ధరలన్నీ మొత్తంగా పైకి పాకుతూ ఉంటేనే ఆ మాట. ఈ హద్దు చెప్పకుండా ఉదాహరణ ఒక్కటే ఇస్తే పిల్లలు తప్పు అర్థంతో మిగులుతారు.

రోజూ వాడే మాటే సబ్జెక్టులో వేరే అర్థంతో వస్తే?

నా ఉద్దేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఇవే. జడత్వం అన్న మాట తెలియదని పిల్లలకు తెలుసు కాబట్టి అడుగుతారు. "పని" అన్న మాట తెలుసనుకుంటారు కాబట్టి అడగరు.

భౌతికశాస్త్రంలో పని జరగాలంటే బలం వేయాలి, ఆ బలం దిశలో వస్తువు కదలాలి. రెండు కిలోల పుస్తకాల సంచిని నేల మీంచి ఒక మీటరు ఎత్తితే సుమారు 20 జౌళ్ల పని. అదే సంచిని భుజాన వేసుకుని గంటసేపు కదలకుండా నిలబడితే, సంచి మీద జరిగిన పని సున్నా. పిల్లలు ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా, భుజం నొప్పి పుడుతుంటే సున్నా అంటే ఎవరు నమ్ముతారు? అప్పుడు చెప్పాలి: కండరాలు బిగిసి ఉండటానికి శరీరం లోపల శక్తి ఖర్చవుతూనే ఉంది, అలసట అక్కడిది. సంచి మాత్రం అంగుళం కదల్లేదు. ఈ వాదన క్లాసులో పది నిమిషాలు పట్టినా నష్టం లేదు.

ఉష్ణం, ఉష్ణోగ్రత కూడా ఇలాంటివే. ఒకే గదిలో ఉన్న ఇనుప కుర్చీనీ చెక్క బల్లనీ తాకమనండి. ఇనుము చల్లగా ఉందంటారు. థర్మామీటరు పెడితే రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. ఇనుము మన చేతిలోని వేడిని తొందరగా లాక్కుంటుంది, చెక్క నెమ్మదిగా. ద్రవ్యరాశి, భారం సంగతీ అంతే: చంద్రుడి మీద మన భారం భూమి మీది దానిలో దాదాపు ఆరోవంతు, ద్రవ్యరాశి మాత్రం ఇక్కడెంతో అక్కడా అంతే. రసాయనశాస్త్రంలో లవణం, గణితంలో మూలం, ప్రమేయం, అవధి కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఇలాంటి పదం వచ్చినప్పుడు బోర్డు మీద రెండు వాక్యాలు పక్కపక్కన రాయండి, ఒకటి బయట మాట్లాడేది, ఒకటి సబ్జెక్టులోది. ఇంట్లో వాడే అర్థం తప్పని మాత్రం అనకండి. అక్కడ అది సరైనదే.

పోలికలు చెబితే తొందరగా అర్థమవుతుంది కదా?

అవుతుంది, కానీ ప్రతి పోలికా ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆ చోటేదో మీరే ముందు చూపించండి. కరెంటును గొట్టంలో పారే నీళ్లతో పోలుస్తాం. గొట్టం తెగితే నీళ్లు కారిపోతాయి. తీగ తెగితే కరెంటు కారిపోదు, ప్రవాహమే ఆగిపోతుంది. "ఈ పోలిక ఎక్కడ పనికిరాదు?" అన్న ప్రశ్నను పిల్లలకే వేస్తే, పాఠం ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

పాఠానికి పాతిక కొత్త పదాలుంటాయి. అన్నీ ఇలా నేర్పడం కుదిరే పనేనా?

కుదరదు, అవసరమూ లేదు. ఐదారు పదాలు ఎంచుకోండి. ఏవి లేకపోతే మిగతా పాఠం నిలబడదో, ఏవి పైక్లాసుల్లో మళ్లీ మళ్లీ వస్తాయో అవి. మిగతావాటికి చదివేటప్పుడు ఒక ముక్క వివరణ ఇచ్చి ముందుకు సాగవచ్చు.

ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. విద్యా పరిశోధకురాలు ఇసబెల్ బెక్, ఆమె సహచరులు పదాలను మూడు అంతస్తులుగా చూడమన్నారు: అందరూ రోజూ మాట్లాడేవి, అన్ని సబ్జెక్టుల్లోనూ పుస్తకభాషగా కనిపించేవి, ఒక్క సబ్జెక్టుకే చెందినవి. మూడో అంతస్తు పదాలను పాఠ్యపుస్తకం మందపాటి అక్షరాల్లో వేసి చూపిస్తుంది. మధ్య అంతస్తును ఎవరూ పట్టించుకోరు. సరిపోల్చండి, విశ్లేషించండి, సమర్థించండి, అంచనా వేయండి, అనులోమానుపాతం, తత్ఫలితంగా, అయినప్పటికీ: ప్రశ్నపత్రం నిండా ఇవే. పాఠమంతా వచ్చిన విద్యార్థి "సమర్థించండి" అంటే ఏం చేయాలో తెలియక, తెలిసిందంతా రాసేసి మార్కులు పోగొట్టుకుంటుంది. మీరు ఎంచుకునే ఐదారింటిలో ఇలాంటివి ఒకటి రెండు తప్పకుండా ఉండనివ్వండి.

కిరణజన్య సంయోగక్రియ లాంటి పొడుగాటి పదాలు చూస్తేనే పిల్లలు భయపడుతున్నారు.

విడగొట్టి చూపించండి. కిరణాల వల్ల పుట్టేది, కలవడం అనే పని. కాంతి సాయంతో నీరూ కార్బన్ డయాక్సైడూ కలిసి మొక్కలో కొత్త పదార్థం తయారవుతుందన్న కథ సగం ఆ పేరులోనే ఉంది. ఇలా విడగొట్టిన ముక్కలు వేరే పదాల్లోనూ పనికొస్తాయి. "బహు" ఒకసారి తెలిస్తే గణితంలో బహుభుజి, బహుపది, జీవశాస్త్రంలో బహుకణజీవి, మూడూ దగ్గరవుతాయి. గణితం టీచరూ సైన్సు టీచరూ మాట్లాడుకుని ఒకే వారంలో ఇలాంటి ముక్కను పట్టుకుంటే ఎంత బాగుంటుందో!

పేరు అన్నిసార్లూ నిజం చెప్పదు. ఆక్సిజన్‌ను ఆమ్లజని అనేవారు, ఆమ్లాన్ని పుట్టించేదని. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజే ఆ పేరు పెట్టినప్పుడు ఆమ్లాలన్నిటిలోనూ అది ఉంటుందని నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని తర్వాత తేలింది. కాబట్టి విడగొట్టడం పదంలోకి అడుగుపెట్టడానికి మాత్రమే.

ప్రశ్న అడిగితే ఎవరూ నోరు మెదపరు. ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు.

ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి గమనించండి. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో క్లాసులను రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా పెదవి విప్పారు. సబ్జెక్టు పదంతో జవాబు చెప్పాలంటే ఇంకా ఎక్కువ సమయమే కావాలి, ఎందుకంటే పిల్లలు సంగతినీ పదాన్నీ రెండిటినీ వెతుక్కోవాలి. ముందు పక్కవాడితో అరనిమిషం మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత అడిగితే ఇంకా మంచిది. జవాబు మామూలు మాటల్లో వస్తే కాదనకండి. "నీళ్లు మాయమయ్యాయి టీచర్" అంటే, "అవును. ఇప్పుడదే సంగతి మన కొత్త పదంతో చెప్పు" అనండి.

సిలబస్ పూర్తిచేయడానికే టైం చాలదు. ఇదంతా ఎప్పుడు చేయాలి?

పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు చాలు. హాజరు తీసుకునేలోపు బోర్డు మీద మూడు ప్రశ్నలు ఉండాలి: నిన్నటి పదం మీద ఒకటి, పోయినవారం పదం మీద ఒకటి, పోయిన నెల పదం మీద ఒకటి. పుస్తకాలు మూసే ఉంటాయి. పిల్లలు రాసుకుంటారు, ఒకరినొకరు దిద్దుకుంటారు. మార్కులు వేయకండి. మార్కులు వేసిన రోజు నుంచి పిల్లలు పక్కవాడి నోటుబుక్కులోకి చూడటం మొదలుపెడతారు. తెలియక ఖాళీ వదిలే ధైర్యం పోతుంది. ఆ ఖాళీలే మీకు కావాల్సిన సమాచారం.

ఈ ఐదు నిమిషాలు సిలబస్‌ను తినేస్తాయన్న భయం అక్కర్లేదు. పాత పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది కాబట్టి, ఏడాది చివరికి సమయం మిగులుతుంది.

ఫ్లాష్‌కార్డులు నిజంగా పనిచేస్తాయా?

సరిగ్గా వాడితే బాగా పనిచేస్తాయి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతి తేలికైనది. పెట్టెను గదులుగా చేస్తారు. కొత్త కార్డులన్నీ మొదటి గదిలో ఉంటాయి, వాటిని రోజూ తీస్తారు. జవాబు సరైతే కార్డు తర్వాతి గదికి వెళ్తుంది, అక్కడివాటిని ఇంకా అరుదుగా తీస్తారు. తప్పయితే ఏ గదిలో ఉన్నా తిరిగి మొదటి గదికే. వచ్చిన పదాల మీద సమయం వృథా కాదు, రాని పదాలు తప్పించుకోలేవు. ఆంకీ లాంటి యాప్‌లు ఇదే పనిని ఫోన్‌లో చేసిపెడతాయి.

కార్డు మీద ఏం రాస్తారన్నదే అసలు విషయం. ఒకవైపు పదం, రెండోవైపు నిర్వచనం రాస్తే మళ్లీ బట్టీకే దారి. "బస్సు సడన్‌గా ఆగితే మనం ముందుకు ఎందుకు తూలుతాం?" అని ఒకవైపు, "జడత్వం" అని రెండోవైపు రాయండి. కార్డు పిల్లలే తయారుచేసుకోవాలి. అచ్చువేసిన కార్డుల కట్ట కొనిస్తే, కార్డు రాసేటప్పుడు జరగాల్సిన ఆలోచన జరగకుండా పోతుంది.

ఇంట్లో మాకు ఆ సబ్జెక్టు తెలియదు. మేమేం చేయగలం?

తెలియకపోవడమే మంచిది, ఒకరకంగా. "ఇవాళ కొత్తగా విన్న మాట ఏమిటి నాన్నా? నాకర్థమయ్యేలా చెప్పు. మనింట్లో అదెక్కడుంది, చూపించు" అని అడగండి. తెలియని మనిషికి చెప్పాలంటే పిల్లలు బట్టీ వాక్యం వదిలేసి సొంత మాటలు వెతుక్కోవాల్సిందే. మీరు దిద్దనక్కర్లేదు. ఎక్కడ ఆగిపోయారో వాళ్లకే తెలుస్తుంది, రేపు క్లాసులో అడుగుతారు.

ఇంట్లో ఒక భాష, పాఠం మరో భాషలో. పిల్లలు రెండిటి మధ్యా నలుగుతున్నారు.

ముందు విషయాన్ని ఇంటి భాషలోనే మాట్లాడనివ్వండి. నీళ్లు గాల్లో కలవడం ఏ భాషలో అర్థమైనా అర్థమైనట్టే, దానికి రెండో పేరు తగిలించడం తేలిక. అర్థమే కాని సంగతికి రాని భాషలో పేరు నేర్పడం మాత్రం రెట్టింపు బరువు. నోటుబుక్కులో పదం పక్కన ఇంటి భాషలో ఒక మాటో, ఒక చిన్న బొమ్మో వేసుకోనివ్వండి. దాన్ని కొట్టేయకండి.

పదం నిజంగా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

నిర్వచనం అడిగితే తెలియదు. ఏది కాదో అడగండి. 1969లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరొతీ ఫ్రేయర్, ఆమె బృందం రూపొందించిన నాలుగు గళ్ల పట్టిక ఇందుకు చక్కగా సరిపోతుంది: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. నాలుగో గడి దగ్గరే పిల్లలు ఆగుతారు. కీటకం అన్న పదానికి అక్కడ "రాయి" అని రాస్తే పెద్దగా ఏమీ తేలదు. "సాలెపురుగు, ఎందుకంటే దానికి ఎనిమిది కాళ్లు, కీటకాలకు ఆరే" అని రాసిన విద్యార్థికి ఆ పదం వచ్చింది.

ఇంకో పద్ధతి, రెండు పదాలిచ్చి ఒకే వాక్యంలో కలపమనడం. "ఘర్షణ, ఉష్ణం" ఇస్తే "చేతులు రుద్దుకుంటే ఘర్షణ వల్ల ఉష్ణం పుడుతుంది" అని రావాలి. "ఘర్షణ, ఉష్ణం అనేవి సైన్సు పాఠంలో ఉన్నాయి" అని రాస్తే, ఆ రెండు పదాలనూ మర్నాటి ఐదు నిమిషాల ప్రశ్నల్లో మళ్లీ పెట్టండి, ఈసారి అరచేతులు రుద్దించి మరీ.